లియొనార్డో శాస్త్రానికి ఇచ్చింది ఎంత, మనం అంటగట్టింది ఎంత?

గోదావరి గట్టు
అందరికీ నమస్కారం. మా కాలేజీ సైన్సు క్లబ్బులో వచ్చే నెల ప్రసంగాలు ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక కళాకారుడి పేరు ఇచ్చి, అతను శాస్త్రానికి చేసిన మేలు గురించి మాట్లాడమన్నారు. నాకు లియొనార్డో డావిన్సీ వచ్చాడు. నెట్‌లో వెతికితే హెలికాప్టరు ఆయనే కనిపెట్టాడు, ట్యాంకు ఆయనే, పారాచూట్ ఆయనే, జలాంతర్గామీ ఆయనే. ఇంకొంచెం కిందికి వెళ్తే వీటిలో ఒక్కటీ పనిచేయలేదని ఇంకొకరు రాశారు. మోనాలిసా నవ్వు సంగతి నాకు అక్కర్లేదు. ఆయన వల్ల శాస్త్రానికి ఒనగూడింది ఏమిటో తెలిసినవాళ్లు తేదీలతో సహా చెప్పగలరా? అరగంట మాట్లాడాలి.

సందేహాల సుబ్బు
అరగంట ఎందుకు, అర నిమిషం చాలు. ఒనగూడింది దాదాపు శూన్యం. కారణం విన్నాక తిట్టండి.

1519లో కన్నుమూసేనాటికి ఆయన తన పరిశోధనల మీద ఒక్క పుస్తకమైనా అచ్చు వేయించలేదు. అచ్చు యంత్రాలు లేక కాదు, ఆయన కాలానికి వెనిస్ నిండా అచ్చుశాలలే. శరీర నిర్మాణ శాస్త్రాన్ని మలుపు తిప్పింది 1543లో వచ్చిన వెసేలియస్ గ్రంథం. రక్త ప్రసరణను తేల్చింది 1628లో హార్వే. ఘర్షణ నియమాలను లోకానికి చెప్పింది 1699లో అమోంటన్స్. వీళ్లలో ఒక్కరైనా లియొనార్డో కాగితాలు చూసినట్టు ఆధారం లేదు. ఆయన పుట్టకపోయినా సైన్సు ఇదే దారిలో వచ్చేది. తెలుసుకోవడం వేరు, నలుగురికీ తెలియజెప్పడం వేరు. రెండోది చేయనివాడికి మొదటిదాని కీర్తి దేనికి?

భౌతికం మాస్టారు
సుబ్బు గారూ, కీర్తి పంపకం తర్వాత చూద్దాం. ముందు ఆ పిల్లవాడు అడిగింది ఏమిటి? ఆయన ఏం కనుక్కున్నాడని. అది చెప్పాక మీరు తీర్పు ఇవ్వండి.

బాబూ, నువ్వు ఘర్షణతో మొదలుపెట్టు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆయన నోటు పుస్తకం ఒకటి ఉంది, అరచేతిలో ఇమిడేంత చిన్నది. అందులో 1493 నాటి ఒక పేజీ అడుగున ఎర్ర సుద్దతో గీసిన చిన్న బొమ్మలు ఉన్నాయి. బల్ల మీద దిమ్మెలు, వాటికి కట్టిన తాడు, తాడు కప్పీ మీదుగా కిందికి దిగుతుంది, చివర బరువు వేలాడుతుంది. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా మన పిల్లలు ప్రయోగశాలలో చేసేది అచ్చంగా ఇదే. ఆ బొమ్మల్లో దిమ్మెలు ఒకచోట పక్కపక్కన, మరోచోట ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఎందుకలా? బల్లకు ఆనుకునే వైశాల్యం మారినా, మొత్తం బరువు అదే అయితే లాగడానికి కావలసిన బలం మారదని చూపించడానికి. బరువు రెట్టింపైతే ఘర్షణ రెట్టింపవుతుంది, స్పర్శ వైశాల్యంతో దానికి పని లేదు. అమోంటన్స్ చెప్పడానికి రెండు వందల ఏళ్ల ముందు మాట ఇది.

1920లలో ఆ మ్యూజియం అధిపతి ఈ పేజీలోని గీతలను సందర్భం లేనివని కొట్టిపారేశాడు. ఆ పేజీ మీద ఒక ముసలమ్మ బొమ్మ కూడా ఉంది, కళా చరిత్రకారుల చూపంతా దాని మీదే ఉండేది. కేంబ్రిడ్జిలో ఇయాన్ హచింగ్స్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు 2016లో ఈ నోట్సును వరుసగా పేర్చి చూపించాడు. లియొనార్డో ఆ రెండు నియమాలను ఒకసారి రాసి వదిలేయలేదు, ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఇరుసులు, మరలు, కప్పీల లెక్కల్లో వాటినే వాడుకున్నాడు.

పొరపాటు కూడా చెప్పు. నునుపైన ఏ ఉపరితలానికైనా ఘర్షణ బలం బరువులో నాలుగో వంతే ఉంటుందని ఆయన అనుకున్నాడు. మనకు తెలుసు, ఘర్షణ గుణకం ఉపరితలాన్ని బట్టి మారుతుంది.

నిద్రపట్టని నాని
ఆయన అన్నీ కుడి నుంచి ఎడమకు, అద్దంలో చూస్తే తప్ప అర్థంకాకుండా రాశాడట కదా. మతాధికారులకు దొరకకూడదని రహస్య లిపి అంటారు. దాని గురించి కూడా చెబితే సభ అదిరిపోతుంది.

చిత్రలేఖ
నాని గారూ, అద్దం పెడితే చదవగలిగేది ఏం రహస్యం? అద్దం ఆ రోజుల్లోనూ ఉంది. ఆయనది ఎడమచేతి వాటం. నాదీ అదే. ఎడమచేత్తో ఎడమ నుంచి కుడికి సిరాతో రాస్తే రాసినదంతా అరచేతికి అంటుకుంటుంది, ఎదురు దిశలో రాస్తే ఆ బాధ లేదు. బొమ్మల్లో నీడ కోసం ఆయన వేసిన గీతలు కూడా ఎడమ పైమూల నుంచి కుడి కిందికి వాలి ఉంటాయి, ఎడమచేతివాళ్ల గీత అలాగే పడుతుంది. ఇతరులు చదవాల్సినవి, పటాల మీది ఊళ్ల పేర్లు వంటివి, ఆయన మామూలు దిశలోనే రాశాడు.

స్టెతస్కోపు
నేను గుండె జబ్బుల విభాగంలో పనిచేస్తాను కాబట్టి నా ఓటు గుండెకే. కొంచెం పొడవు రాస్తున్నాను, ఓపిక పట్టండి.

1513 ప్రాంతంలో లియొనార్డో మిలాన్ దగ్గర వాప్రియో అనే ఊళ్లో, శిష్యుడు ఫ్రాన్సెస్కో మెల్జీ కుటుంబం వాళ్ల ఇంట్లో ఉన్నాడు. అక్కడ మనిషి శవాలు దొరకలేదు, ఎద్దు గుండెలు దొరికాయి. వాటిని కోసి ఆయన గీసిన బొమ్మలు ఇవాళ విండ్సర్ కోటలో, బ్రిటిష్ రాజ కుటుంబ సేకరణలో ఉన్నాయి.

గుండె నుంచి బృహద్ధమని మొదలయ్యే చోట ఒక కవాటం ఉంటుంది, మూడు రెక్కలతో. ఆ రెక్కల వెనకే ధమని గోడ మూడు చోట్ల బయటికి ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులు దేనికి? ఆయనకు ముందు ఎవరూ ఈ ప్రశ్న వేసినట్టు కనబడదు. కాలువ నీరు ఇరుకైన తూము దాటి వెడల్పైన చోటికి రాగానే రెండు పక్కలా సుడులు తిరుగుతుంది చూడండి, రక్తమూ అదే చేస్తుందని ఆయన ఊహించాడు. మధ్యలో ధార ముందుకు పోతూ ఉంటే అంచుల్లోని రక్తం ఆ ఉబ్బుల్లోకి వెనుదిరిగి సుడి అవుతుంది. ఆ సుడి రెక్కను వెనక నుంచి నింపి, ముడతలు విప్పి, లోపలి వైపుకు నెడుతుంది. అంటే గుండె సంకోచం పూర్తయ్యే సమయానికే కవాటం సగం మూసుకుని ఉంటుంది. అందుకే వెనక్కి కారే రక్తం దాదాపు ఉండదు.

ఊహించి ఊరుకోలేదు. ఎద్దు గుండె ధమనిలోకి కరిగించిన మైనం పోసి, గట్టిపడ్డాక దాని ఆకారంతో అచ్చు తీసి, ఆ అచ్చుతో పలుచటి గాజు గొట్టం చేయించాలని తనకు తాను రాసుకున్నాడు. అందులోంచి నీళ్లు పారించి, నీళ్లలో గడ్డి గింజలు కలపాలి. గింజలు ఎటు తిరిగితే ప్రవాహం అటు తిరుగుతున్నట్టు. ప్రవాహాన్ని కంటికి కనిపించేలా చేయడానికి నేటి ప్రయోగశాలల్లో ద్రవంలో రేణువులు కలిపి కెమెరాతో తీస్తారు. పద్ధతి అదే, కెమెరా ఒక్కటే కొత్తది. కవాటానికి నాలుగు రెక్కలు కాక మూడే ఎందుకున్నాయో జ్యామితి బొమ్మలు గీసి తర్కించాడు కూడా.

ఆ ఉబ్బులకు ఇప్పుడున్న పేరు వల్సాల్వా అనే ఇటాలియన్ వైద్యుడిది, ఆయన రెండు వందల ఏళ్ల తర్వాతివాడు. సుడుల వల్లే కవాటం మూసుకుంటుందని 1960ల చివర ఆక్స్‌ఫర్డులో బ్రయాన్ బెల్‌హౌస్ బృందం నమూనాలతో నిరూపించింది. ఇటీవల ఎమ్మారై స్కానుల్లో బతికున్న మనుషుల్లోనే ఆ సుడులు కనిపిస్తున్నాయి. ఐదు వందల ఏళ్ల కిందటి గీతనూ స్కానునూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మీ సభలో ఇంకేమీ చెప్పక్కర్లేదు.

సందేహాల సుబ్బు
డాక్టరు గారూ, రాసింది అద్భుతం. కానీ మీరు నా పక్షాన్నే బలపరుస్తున్నారు. 1513లో తెలిసిన సంగతిని 1960ల్లో మళ్లీ మొదటినుంచి కనుక్కోవాల్సి వచ్చింది అంటే, మధ్యలో నాలుగున్నర శతాబ్దాలు అది ఎవరికి ఉపయోగపడింది? ఇంకొకటి. కవాటం గురించి ఇంత తెలిసినవాడు రక్త ప్రసరణ ఎందుకు పట్టుకోలేదు?

స్టెతస్కోపు
రెండో ప్రశ్న చాలా మంచిది. కవాటం రక్తాన్ని ఒకవైపే పోనిస్తుందని ఆయనకు బాగా తెలుసు. ఒక్క అడుగు వేస్తే చాలు: ఒకవైపే పోతే, పోయిందంతా ఎటో తిరిగి రావాలి. ఆ అడుగు వేయలేదు. ప్రాచీన వైద్యుడు గేలెన్ చెప్పినట్టు కుడి జఠరికకూ ఎడమ జఠరికకూ మధ్య గోడలో కంటికి కనిపించని రంధ్రాలు ఉన్నాయనే నమ్మాడు. రక్తం గుండెలో సుడులు తిరిగి ఒరుసుకోవడం వల్లే శరీరానికి వేడి పుడుతుందని కూడా అనుకున్నాడు. ఘర్షణ మీద అంత పనిచేసిన మనిషికి ఆ ఆలోచన రావడం సహజమే, కానీ తప్పు. హార్వే లెక్క కట్టాడు, గంటకు గుండె ఎంత రక్తం తోస్తుందో. లియొనార్డో ఆకారాన్నీ ప్రవాహాన్నీ చూశాడు గానీ మొత్తం పరిమాణాన్ని కూడలేదు.

అయితే గుండెకు నాలుగు గదులని స్పష్టంగా చెప్పి, కర్ణికలు కూడా సంకోచిస్తాయని గమనించాడు. అంతవరకు జఠరికలు రెండే అసలు గుండె అనుకునేవాళ్లు.

రాళ్లూ రప్పలూ
గుండె నుంచి కొండల మీదికి రండి. నేను భూగర్భ శాస్త్రం వాడిని.

ఆయన మిలాన్‌లో పెద్ద కంచు గుర్రం పనిలో ఉన్నప్పుడు పల్లెటూరి వాళ్లు పార్మా, పియాచెంజా కొండల్లో దొరికిన ఆల్చిప్పలూ పగడాలూ సంచి నిండా తెచ్చి ఇచ్చారు. సముద్రానికి అంత దూరంలో, అంత ఎత్తున ఇవి ఎలా వచ్చాయి? నాటి జవాబులు రెండు. బైబిల్లోని నోవహు కాలపు జలప్రళయం కొట్టుకొచ్చి పడేసిందని ఒకటి, నక్షత్రాల ప్రభావంతో రాళ్లలోనే అలాంటి ఆకారాలు పుడతాయని రెండోది.

రెండింటినీ ఆయన ఎలా పడగొట్టాడో చూడండి. గుల్లపురుగు ఇసుకలో గాడి చేసుకుంటూ రోజుకు మూడు నాలుగు మూరలకు మించి కదలదు. ప్రళయం నలభై రోజులు. అడ్రియాటిక్ సముద్రం నుంచి మోన్‌ఫెరాటో కొండలకు ఆయన లెక్కలో రెండు వందల యాభై మైళ్లు. నలభై రోజుల్లో ఆ జీవి నూరు మీటర్లు కూడా దాటదు. వరదే మోసుకొచ్చిందందామా? చచ్చిన గుల్లలు బరువుకు అడుగునే ఉంటాయి, అలల మీద తేలిరావు. వరద తెచ్చినవైతే కలగాపులగంగా ఉండాలి గాని, పొరలు పొరలుగా, గుంపులు గుంపులుగా ఉండకూడదు. ఆల్చిప్ప రెండు చిప్పలూ విడిపోకుండా జతగా ఉన్నాయంటే ఆ జీవి అక్కడే బతికి అక్కడే పూడిపోయింది. ఇక రాళ్లలోనే పుట్టాయనేవాళ్లకు సమాధానం: చిప్పల మీద ఏటేటా పెరిగిన గీతలు ఉన్నాయి, ఎదగడానికి ఆహారం కావాలి, కదలకుండా రాయిలో ఏం తిని ఎదిగాయి?

కాబట్టి అది ఒకప్పటి సముద్రపు అడుగు, తర్వాత పైకి లేచింది. ఇది 1508 ప్రాంతపు మాట. పొరల శాస్త్రానికి ఆద్యుడిగా మేము చదువుకునే స్టెనో పుస్తకం వచ్చింది 1669లో.

ఈ వాదనంతా ఉన్న నోటు పుస్తకాన్నే 1994లో బిల్ గేట్స్ 3.08 కోట్ల డాలర్లకు కొన్నాడు. నెలవంక రోజున చంద్రుడి చీకటి భాగం మసకగా ఎందుకు కనిపిస్తుందో వివరించిందీ అందులోనే: భూమి మీద పడిన ఎండ తిరిగి చంద్రుడి మీద పడుతుంది. చంద్రుడిపై సముద్రాలు ఉన్నాయని కూడా రాశాడు, అది వదిలేయండి.

నిద్రపట్టని నాని
ఆయన శాకాహారి అని కూడా విన్నాను. ఇదైనా నిజమేనా, ఇదీ అంటగట్టిందేనా?

మంజీర
నాని గారూ, దీనికి ఒక చిత్రమైన సాక్ష్యం మన దేశం నుంచే ఉంది. ఆంద్రెయా కోర్సాలి అనే ఫ్లారెన్స్ నావికుడు 1516 ప్రాంతంలో కొచ్చిన్ నుంచి జూలియానో మెడిచీకి ఉత్తరం రాశాడు. గుజరాతీలు రక్తం ఉన్న దేన్నీ తినరు, ఏ ప్రాణికీ హాని చేయనివ్వరు, మన లియొనార్డో డావిన్సీ లాగా అని అందులో ఉంది. జూలియానో అప్పట్లో లియొనార్డోకు ఆశ్రయమిచ్చిన ప్రభువు. అంతకు మించి గట్టి సాక్ష్యం లేదు.

నిర్వాహకులు
భోజనం సంగతులకు వేరే విభాగం ఉంది. దయచేసి విషయంలో ఉండండి.

గోదావరి గట్టు
ధన్యవాదాలు అందరికీ. హెలికాప్టరు, పారాచూట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. అవి తీసేయమంటారా? మా వాళ్లు ముందు వాటినే అడుగుతారు.

భౌతికం మాస్టారు
తీసేయకు, దారికి తెచ్చి చెప్పు. హెలికాప్టరు అనేది 1480ల చివర గీసిన మర ఆకారపు రెక్క. మనుషులు నిలబడి తిప్పాలి. మనిషి కండలకు ఆ బరువు లేపే శక్తి లేదు, పైగా రెక్క ఒకవైపు తిరిగితే కింది చట్రం ఎదురు వైపు తిరుగుతుంది. పారాచూట్ బొమ్మ ఆయనకు ముందే ఒక అజ్ఞాత ఇటాలియన్ గీశాడు, అది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అయితే లియొనార్డో గీసిన కొలతలతో, నాటి రకం గుడ్డతో, కర్రతో చేసిన పిరమిడ్ పారాచూట్‌తో 2000 సంవత్సరంలో ఏడ్రియన్ నికొలస్ దక్షిణాఫ్రికాలో దూకాడు. నిదానంగా, నిటారుగా దిగింది. బరువు 85 కిలోల పైమాటే, నేలకు తగిలేటప్పుడు మీద పడుతుందని చివర్లో దాన్ని వదిలేసి మామూలు పారాచూట్ తెరిచాడు. ట్యాంకు బొమ్మలో ఉన్నట్టే పళ్లచక్రాలు బిగిస్తే ముందు చక్రాలు ఒకవైపు, వెనక చక్రాలు ఎదురు వైపు తిరుగుతాయి.

ఇవన్నీ ఊహాచిత్రాలు. వీటి బదులు గురుత్వం మీద ఆయన చేసింది చెప్పు. 2023లో అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థకు చెందిన మొర్తెజా గరీబ్ బృందం బ్రిటిష్ లైబ్రరీలోని అరుండెల్ నోటు పుస్తకంలో ఒక బొమ్మను వివరించింది. ఒక కూజా నేలకు సమాంతరంగా కదులుతూ, దారి పొడవునా నీటిచుక్కలో గింజలో జారవిడుస్తూ పోతుంది. కూజా ఒకే వేగంతో పోతే చుక్కలన్నీ దాని కిందే నిట్టనిలువు గీతలో ఉంటాయి. కూజా వేగం అంతకంతకూ పెరుగుతుంటే ఆ గీత వాలుతుంది. కూజా త్వరణమూ చుక్క పడే త్వరణమూ సమానమైతే ఆ వాలు సరిగ్గా 45 డిగ్రీలు, అంటే సమద్విబాహు లంబకోణ త్రిభుజానికి కర్ణం. ఆయన ఆ కర్ణం పక్కన కదలికలు సమానమయ్యాయని అర్థం వచ్చేలా రాసుకున్నాడు. నువ్వు ఇంటర్ గణితంతో పది నిమిషాల్లో సరిచూసుకోవచ్చు: t సెకన్ల కిందట రాలిన చుక్క కూజాకు ½gt² కిందా ఉంటుంది, ½gt² వెనకా ఉంటుంది.

గురుత్వాన్నీ త్వరణాన్నీ ఒకే బొమ్మలో కలపడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. పడే దూరం కాలంతో ఎలా పెరుగుతుందనే దగ్గర తప్పు చేశాడు. కాలం వర్గంతో అనకుండా, ఒక్కో కాల భాగానికి రెట్టింపవుతుంది అన్నాడు. 1, 2, 3, 4 వేసి చూడు. వర్గాలు 1, 4, 9, 16. ఆయనవి 2, 4, 8, 16. రెండో దగ్గర, నాలుగో దగ్గర రెండూ కలుస్తాయి, మధ్యలో తేడా ఒక్కటే. సెకన్లు కొలిచే గడియారం లేని కాలంలో చిన్న ఎత్తుల నుంచి పడే వస్తువును కంటితో చూసేవాడికి ఈ రెంటినీ విడదీయడం అసాధ్యం. అందుకే ఆయన పద్ధతిని కంప్యూటర్ మీద నడిపి చూస్తే గురుత్వ స్థిరాంకం 97 శాతం దాకా సరిగ్గానే వచ్చిందని ఆ బృందం తేల్చింది. గెలీలియోకు నూరేళ్ల ముందు.

చిత్రలేఖ
అందరూ ఆయన ఏం కనుక్కున్నాడో చెబుతున్నారు. నాకు పెద్ద విషయం ఎలా గీశాడన్నది. విండ్సర్‌లోని 1510–11 నాటి ఎముకలు, కండరాల పుటలు చూడండి. పద్దెనిమిది పుటల్లో దాదాపు 240 బొమ్మలు, పదమూడు వేల మాటల నోట్సు. ఒకే భుజాన్ని చుట్టూ తిరిగి చూస్తున్నట్టు వరుసగా గీశాడు. కండరాలను పొర తరువాత పొర తీసేస్తూ గీశాడు. కీళ్లను విడదీసి, ఏ ఎముక ఎక్కడ అమరుతుందో తెలిసేలా కాస్త ఎడం పెట్టి గీశాడు. కండరాల బదులు తాళ్లు గీసి, ఏ తాడు లాగితే ఏ ఎముక కదులుతుందో చూపించాడు. యంత్రాలకు పనికొచ్చే బొమ్మల పద్ధతిని శరీరానికి వాడాడు. వెన్నెముకకు సరైన వంపులతో, సరైన వెన్నుపూసల లెక్కతో మనకు తెలిసిన మొదటి బొమ్మ ఆయనదే.

తప్పు గీసినప్పుడు కూడా అంతే నమ్మకంగా గీశాడు, అదే ప్రమాదం. గర్భంలోని శిశువు బొమ్మ ప్రపంచమంతా చూసింది కదా. శిశువు మనిషి శిశువే. మావి మాత్రం ఆవుది, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఆవును కోసి చూసినదాన్ని స్త్రీ గర్భంలో పెట్టేశాడు. బొమ్మ ఎంత అందంగా ఉందంటే ఎవరికీ అనుమానం రాదు.

స్టెతస్కోపు
చిత్రలేఖ గారు అన్నది నిజం. ఆయన ఆవును నమ్ముకోవాల్సి రావడానికి కారణం శవాలు దొరకకపోవడమే. ఉన్న కొద్దిపాటి అవకాశాల్లో చేసినదానికి ఒక ఉదాహరణ చెబుతాను.

1507–08 చలికాలంలో ఫ్లారెన్స్‌లోని శాంతా మరియా నువోవా ఆసుపత్రిలో ఒక ముసలాయనతో లియొనార్డో మాట్లాడాడు. తనకు నూరేళ్లు దాటాయనీ, నీరసం తప్ప ఒంట్లో ఏ బాధా లేదనీ ఆయన చెప్పాడు. కొన్ని గంటల్లో మంచం మీద కూర్చునే, ఏ యాతనా లేకుండా పోయాడు. అంత సుఖమైన చావు ఎలా వచ్చిందో చూడాలని లియొనార్డో ఆ శరీరాన్ని కోశాడు. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాలు ఎండి, ముడుచుకుని, సన్నబడి ఉన్నాయి. కొన్ని నాళాలు మందంగా, మెలికలు తిరిగి ఉన్నాయి. కాలేయం గట్టిపడి రంగు మారింది. అదే రోజుల్లో రెండేళ్ల పిల్లవాడి శరీరాన్ని కోస్తే అన్నీ దీనికి ఎదురుగా కనిపించాయని రాశాడు. రక్తనాళాలు గట్టిపడి పూడుకుపోవడం, కాలేయం సిరోసిస్, ఈ రెంటికీ దొరుకుతున్న తొలి వర్ణనల్లో ఇది ఒకటి. రోజూ నా గది బయట బారులు తీరే జబ్బు ఇది. ముసలితనాన్నీ పసితనాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చాలని తోచడమే గొప్ప.

సందేహాల సుబ్బు
ఇన్ని చెప్పారు, సంతోషం. ఆయన గొప్ప పరిశీలకుడు కాదని నేను ఎప్పుడూ అనలేదు. నా ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు. ఆయన పెట్టెలో ఉన్నది పెట్టెలోనే ఉండిపోయిందా, లేదా?

మంజీర
పూర్తిగా ఉండిపోలేదు. నేను చదివినంతలో చెబుతాను.

మొదట, అచ్చు వేయాలన్న ఆలోచన ఆయనకు లేదనడం సరికాదు. 1510 చలికాలానికల్లా శరీర నిర్మాణం పని ముగించగలనని రాసుకున్నాడు. పావియా విశ్వవిద్యాలయంలో మార్కాంతోనియో దెల్లా తొర్రే అనే యువ ఆచార్యుడితో కలిసి పనిచేస్తున్నాడు. 1511లో ఆ ఆచార్యుడు ప్లేగుతో చనిపోయాడు. తర్వాత రోమ్‌లో ఉండగా ఒక జర్మన్ అద్దాల పనివాడు ఫిర్యాదు చేస్తే శవాలు కోయడమే ఆపేయాల్సి వచ్చింది.

ఆయన తర్వాత కాగితాలన్నీ మెల్జీకి వెళ్లాయి. మెల్జీ బతికున్నన్నాళ్లు కళ్లలో పెట్టుకుని చూశాడు, చిత్రకళకు సంబంధించిన భాగాలు ఏరి ఒక గ్రంథంగా కూర్చాడు. మెల్జీ పోయాక వారసులకు వాటి విలువ తెలియలేదు. పొంపెయో లియోనీ అనే శిల్పి చాలావరకు సంపాదించి, కాగితాలు కత్తిరించి, బొమ్మలు ఒకవైపు, యంత్రాలు ఒకవైపు వేరుచేసి పెద్ద పుస్తకాలకు అతికించాడు. ఒకే ఆలోచనలో పుట్టిన బొమ్మా లెక్కా ఇవాళ ఒకటి మిలాన్‌లో, ఒకటి విండ్సర్‌లో ఉండటానికి కారణం ఆ కత్తెరే. నాకు ఆయన మీద కోపం ఇప్పటికీ పోదు. రెండు సంపుటాలైతే మాడ్రిడ్ జాతీయ గ్రంథాలయంలోనే ఉండి, తప్పు సంఖ్య మీద నమోదైనందువల్ల 1960ల దాకా ఎవరికీ దొరకలేదు.

ఇక సుబ్బు గారికి. బయటికి వచ్చినవి మూడు దారులు. ఆయన బతికుండగానే 1509లో వెనిస్‌లో లూకా పచోలీ గణిత గ్రంథం అచ్చయింది, అందులో బహుముఖ ఘనాల బొమ్మలు లియొనార్డోవి. ఘనానికి ముఖాలు తీసేసి అంచులు మాత్రమే ఉంచి గీయడంతో వెనక భాగం కూడా కనిపిస్తుంది. మెల్జీ కూర్చిన గ్రంథం 1651లో పారిస్‌లో అచ్చయింది. పేరుకు చిత్రకళే అయినా కాంతి, నీడ, దూరపు కొండల నీలిరంగు గురించి ఆయన పరిశీలనలు దాని ద్వారా ఐరోపా అంతా చదివింది. మూడోది, నాకు ఇష్టమైనది. 1796లో నెపోలియన్ మిలాన్ నుంచి ఈ నోటు పుస్తకాలను పారిస్‌కు పట్టుకుపోయాడు. అక్కడ వాటిని కూర్చుని చదివినవాడు జొవాన్నీ బాతిస్తా వెంచురి. లియొనార్డో భౌతిక, గణిత రచనల మీద 1797లో ఒక వ్యాసం అచ్చు వేశాడు. ద్రవాల ప్రవాహం మీద వెంచురి సొంత పరిశోధన అచ్చయిందీ అదే ఏడాది.

గోదావరి గట్టు
వెంచురి అంటే మా ల్యాబులోని వెంచురి మీటరు వెంచురేనా?!

భౌతికం మాస్టారు
ఆయనే. గొట్టం ఇరుకైన చోట వేగం పెరిగి పీడనం తగ్గుతుందన్నది ఆయన పేరు మీదే ఉంది. నది ఇరుకైన చోట అంత మేర వేగం పెరుగుతుంది, వెడల్పు తగ్గినంత వడి హెచ్చుతుంది అన్న సూత్రం లియొనార్డో నీటి నోట్సులో ఉంది. నీ ప్రసంగానికి ఇంజనీరింగ్ పిల్లల దగ్గర ఇంతకన్నా మంచి మొదలు దొరకదు.

సందేహాల సుబ్బు
వెంచురి వ్యాసం సంగతి బాగుంది. కానీ 1797 నాటికి న్యూటన్ పోయి డెబ్బై ఏళ్లు. కూలాంబ్ ఘర్షణ పరిశోధన అచ్చయి పన్నెండేళ్లు. అప్పటికి అది చరిత్రే గాని, కొత్త సైన్సు కాదు. పచోలీ పుస్తకంలోనూ గణితం పచోలీది, బొమ్మ మాత్రమే ఈయనది. నా మాటను కొంచెం సవరిస్తాను: శాస్త్రం గతిని ఆయన మార్చలేదు. ఇక్కడి నుంచి కదలను.

స్టెతస్కోపు
కదలకండి, కానీ ఒకటి వినండి. విలియం హంటర్ అనే పేరు ప్రసూతి వైద్యం చదివినవాళ్లందరికీ తెలుసు. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ రాజ గ్రంథాలయంలో ఈ బొమ్మలు చూసి, లియొనార్డో కాలంలో ఆయనను మించిన శరీర శాస్త్రజ్ఞుడు ప్రపంచంలో లేడని 1784లో అచ్చయిన ఉపన్యాసాల్లో అన్నాడు. వాటిని ప్రచురించాలనుకున్నాడు, ఆలోగా పోయాడు. ఇక మన కాలంలో కేంబ్రిడ్జి దగ్గర పాప్‌వర్త్ ఆసుపత్రిలో ఫ్రాన్సిస్ వెల్స్ అనే శస్త్రవైద్యుడు లియొనార్డో గుండె బొమ్మలు చూసి, ద్విపత్ర కవాటాన్ని బాగుచేసే తన పద్ధతిని మార్చుకున్నానని బహిరంగంగానే చెప్పాడు. కవాటం మూసుకున్నప్పుడే కాదు, తెరుచుకునేటప్పుడు దాని ఆకారం ఎలా ఉండాలో ఆ బొమ్మలు నేర్పాయట. ఆ శస్త్రచికిత్స చేయించుకున్న రోగికి మీ సవరణ చదివి వినిపించండి.

సందేహాల సుబ్బు
సరే, ఆ రోగులను మినహాయిస్తున్నాను.

రాళ్లూ రప్పలూ
హమ్మయ్య, సుబ్బు గారి నుంచి ఇంత రావడమే ఈ వేదికలో రికార్డు.

గట్టు బాబూ, నీకు ఒక్క సలహా. అరగంటలో అన్నీ ఇరికించకు. గుండె కవాటం, ఆల్చిప్పలు, ఘర్షణ. ఈ మూడు చాలు. మూడింటిలోనూ ఆయన సరిగ్గా చెప్పింది ఎంత, ఎక్కడ తప్పాడు, లోకానికి ఎప్పుడు తెలిసింది, ఈ మూడు చెప్పు. ఆల్చిప్పల లెక్క బోర్డు మీద వేసి చూపించు.

గోదావరి గట్టు
అలాగే చేస్తానండీ. బొమ్మలు మాత్రం ఎక్కడ తీసుకోవాలి? నెట్‌లో దొరికేవాటిలో సగం కొత్తగా ఎవరో గీసినవే ఉన్నాయి.

మంజీర
రాయల్ కలెక్షన్ వాళ్ల సైటులో విండ్సర్ బొమ్మలు పెద్ద సైజులో ఉన్నాయి, గుండె పుటలు అక్కడే. ఘర్షణ పేజీ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సైటులో ఫార్‌స్టర్ నోటు పుస్తకాల మూడో సంపుటంలో ఉంటుంది. గురుత్వం త్రిభుజం బ్రిటిష్ లైబ్రరీ అరుండెల్ సంపుటంలోది. రాత చదవాలనిపిస్తే ఫోనులో బొమ్మను అద్దంలో చూసినట్టు ఎడమ కుడికి వచ్చేలా తిప్పితే అక్షరాలు సరిగ్గా కనిపిస్తాయి, భాష మాత్రం పాత ఇటాలియన్. బొమ్మను తిప్పినదే సభలో చూపించకు, గుండె ఎడమది కుడికి వస్తుంది, డాక్టరు గారు ఊరుకోరు.